వెలుగు బయటికి రాని చోట దేవుడున్నాడా?



మన సత్యోపదేశ తరగతుల్లో పిల్లలు ఈ మధ్య కొత్త ప్రశ్నలు వేస్తున్నారు. "ఆకాశంలో కృష్ణబిలాలు ఉన్నాయంట కదా స్వామీ! వాటిలో పడిన వెలుగు మళ్ళీ బయటికి రాదంట. మరి అక్కడ దేవుడు ఉంటాడా?" అని అడుగుతారు. ఇది కొంటె ప్రశ్న అనుకొని కసురుకోకండి. మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ, అప్పుల పాలైన ఒక రైతు, భర్తను పోగొట్టుకున్న ఒక తల్లి రాత్రి వేళ నిద్ర పట్టక అడిగే ప్రశ్న కూడా ఇదే. మాటలు వేరు, అంతే. "ఈ చీకట్లో దేవుడు ఉన్నాడా?" అన్నదే ఆ ప్రశ్న. అందుచేత ఈ వారం ఆ పిల్లల ప్రశ్ననే మన ధ్యానంగా తీసుకుందాం.

ఆకాశం మన వాకిట్లోనిదే

నక్షత్రాలు మనకు కొత్త కాదు. మన పెద్దలు కార్తెలను బట్టి సేద్యం చేశారు. మృగశిర పోయి ఆరుద్ర వచ్చిందంటే వేరుశనగ విత్తనం గురించి ఆలోచన మొదలవుతుంది. ఆ ఆరుద్ర ఒక నక్షత్రం పేరే. క్రిస్మస్ రోజున అర్ధరాత్రి పూజకు నడిచి వెళ్తూ తలెత్తి చూడండి. దాదాపు నడినెత్తిన మూడు చుక్కలు వరుసగా కనిపిస్తాయి. మన పల్లెల్లో వాటిని గొల్లకావడి అంటారు. ఆ కావడికి కొంచెం ఉత్తరంగా ఎర్రగా మెరిసే పెద్ద చుక్కే ఆరుద్ర. పాశ్చాత్యులు దాన్ని బెటెల్‌గూస్ అంటారు. యోబు గ్రంథంలో ప్రభువు యోబును నిలదీసి అడిగిన ప్రశ్నల్లో ఈ తారల గుంపు కూడా ఉంది (యోబు 38:31). ఆమోసు ప్రవక్త కూడా వీటిని చూపించి, వీటిని చేసినవానిని వెదకండి అని ప్రజలను హెచ్చరించాడు (ఆమోసు 5:8).

కుప్పం విచారణ వారికి మరో సంగతి చెప్పాలి. మీ ఊరికి ఆకాశమార్గాన కొలిస్తే 50 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తమిళనాడు జవ్వాది కొండల్లో, కావలూరు అనే చోట పెద్ద నక్షత్రశాల ఉంది. అక్కడ 2.34 మీటర్ల అద్దం గల దూరదర్శిని 1986లో ప్రారంభమైంది. దానికి వైను బప్పు గారి పేరు పెట్టారు. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా నక్షత్రశాలలో పనిచేశారు. కుమారుడు ఆ ఊళ్ళోనే చదువుకొని, తరువాత కావలూరు కొండను నక్షత్రాలు చూడడానికి తగిన చోటుగా ఎంచుకున్నారు. కాబట్టి ఈ విషయం ఎక్కడో పరదేశాలది కాదు. మన ఇరుగుపొరుగుదే.

నక్షత్రం ఎలా బతుకుతుంది, ఎలా చనిపోతుంది?

నక్షత్రం అంటే మండే వాయువుల పెద్ద ముద్ద. దానిలో ఎప్పుడూ రెండు బలాల మధ్య పోరు జరుగుతూ ఉంటుంది. దాని బరువు దాన్ని లోపలికి నొక్కుతుంది. దాని నడిబొడ్డున ఉన్న వేడి దాన్ని బయటికి నెడుతుంది. రెండూ సరితూగినంత కాలం నక్షత్రం నిలబడుతుంది. లోపలి మంట ఆరిన నాడు బరువే గెలుస్తుంది.

పెద్ద నక్షత్రానికి ఇంధనం ఎక్కువ కదా, ఎక్కువ కాలం బతుకుతుందని మనం అనుకుంటాం. జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. మన సూర్యుడి ఆయుష్షు సుమారు 1,000 కోట్ల సంవత్సరాలు. సూర్యుడి కంటే 25 రెట్లు బరువున్న నక్షత్రం సుమారు 70 లక్షల సంవత్సరాల్లోనే తన హైడ్రోజన్‌ను కాల్చేసుకుంటుంది. తరువాత హీలియం, తరువాత కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ ఒకదాని వెంట ఒకటి మండుతాయి. ప్రతి దశ ముందుదానికంటే త్వరగా ముగుస్తుంది. హీలియం కొన్ని లక్షల ఏళ్ళు, కార్బన్ కొన్ని వందల ఏళ్ళు, ఆక్సిజన్ కొన్ని నెలలు. చివరి సిలికాన్ సుమారు ఒక్క రోజు! అప్పుడు లోపల మిగిలేది ఇనుము. ఇనుమును కలిపి మండించి శక్తి పుట్టించడం సాధ్యం కాదు. పొయ్యిలో కట్టెకు బదులు రాయి పెట్టినట్టు. ఆ క్షణాన భూమి అంత ఉన్న ఆ నడిబొడ్డు ఒక్క సెకను లోపే కుప్పకూలిపోతుంది. చాలాసార్లు పై పొరలు బ్రహ్మాండంగా పేలి చెదిరిపోతాయి. దాన్నే సూపర్‌నోవా అంటారు. అలాంటిదొకటి 1987 ఫిబ్రవరిలో మన పక్క నక్షత్ర మండలంలో కనిపించింది.

లోపల మిగిలిన దాని గతి దాని బరువును బట్టి ఉంటుంది. తక్కువైతే అది న్యూట్రాన్ తార అవుతుంది. దాని అడ్డు కొలత సుమారు 20 కిలోమీటర్లు. అంటే ఆకాశమార్గాన మదనపల్లె నుంచి పుంగనూరు ఎంత దూరమో అంత. ఆ కాస్త చోటులో సూర్యుణ్ణి మించిన బరువు ఇమిడి ఉంటుంది! బరువు ఇంకా ఎక్కువైతే, ఇక దేనికీ ఆగకుండా కూలుతూనే పోతుంది. అదే కృష్ణబిలం. 15 సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉందనుకోండి. దాని సరిహద్దు అడ్డు కొలత 90 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. అది మదనపల్లె నుంచి కుప్పానికి ఉన్న దూరం! ఆ సరిహద్దు దాటి లోపలికి పోయినది వెలుగైనా సరే తిరిగి రాదు.

మన ఆరుద్ర నక్షత్రం కూడా ముసలిదై ఉబ్బిన తారే. రాబోయే లక్ష సంవత్సరాల్లో ఎప్పుడో ఒకప్పుడు అది పేలుతుందని శాస్త్రజ్ఞులు అంటున్నారు. దాని శేషం బహుశా న్యూట్రాన్ తారగా మిగులుతుంది. మనకు ఏ హానీ లేదు.

సత్యాన్ని వెదకినవారు

ఈ సంగతులు ఎవరు కనుగొన్నారు? 1930లో సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ అనే 19 ఏళ్ళ తమిళ యువకుడు ఓడలో ఇంగ్లండుకు వెళ్తూ లెక్కలు వేసుకున్నాడు. మండి ఆరిపోయిన నక్షత్రం బరువు ఒక హద్దు దాటితే, అంటే సూర్యుడికి సుమారు 1.4 రెట్లు మించితే, అది శ్వేత కుబ్జతారగా నిలవలేదని ఆ లెక్క చెప్పింది. 1935లో లండన్‌లో పండితుల సభలో ఈ సంగతి వివరిస్తే, ఆనాటి మహాశాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ అందరి ముందూ దాన్ని ఎగతాళి చేశాడు. కాని ఆ కుర్రవాడి లెక్కే నిజమైంది. 1983లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇంట్లో పిల్లవాడు ఒక నిజం చెబితే, "నీకేం తెలుసురా?" అని నోరు మూయించే పెద్దలు ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

అదే ఎడింగ్టన్ దగ్గర కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న మరొకరు ఉన్నారు. ఆయన బెల్జియం దేశపు కతోలిక గురువు జార్జ్ లెమైత్ర్ గారు. 1923లో గురుపట్టం పొందారు. విశ్వం వ్యాకోచిస్తున్నదని 1927లో చెప్పిన గురువు ఆయనే. కృష్ణబిలం సరిహద్దు దగ్గర లెక్కలు తెగిపోయినట్టు కనిపించేవి. అది కొలిచే పద్ధతిలోని చిక్కేనని, అక్కడ నిజమైన గోడ ఏదీ లేదని 1930లలో చూపించినదీ ఆయనే. అప్పటికి "కృష్ణబిలం" అన్న మాటే పుట్టలేదు. ఆయన జ్ఞాపకార్థం 2017 మే నెలలో వాటికన్ నక్షత్రశాల కృష్ణబిలాల మీద సదస్సు జరిపింది. అందులో పాల్గొన్న శాస్త్రజ్ఞులతో అప్పటి జగద్గురువులు ఫ్రాన్సిస్ గారు మాట్లాడారు.

మన కన్యస్త్రీల సంగతి కూడా చెప్పాలి. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో పలు దేశాలవారు తీర్మానించారు. ఆ పనిలో హైదరాబాదు నిజామియా నక్షత్రశాల ఒక భాగం తీసుకొని ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. వాటికన్ నక్షత్రశాల మరొక భాగం తీసుకుంది. అక్కడ బాల మరియ సభకు చెందిన నలుగురు కన్యస్త్రీలు, ఎమిలియా, రెజీనా, కొంచెత్తా, లుయీజా అనేవారు, 1910 నుంచి 1921 దాకా కూర్చొని 4,81,215 నక్షత్రాలను కొలిచారు. ఎంతో కాలం వారి పేర్లు ఎవరికీ తెలియలేదు. హైదరాబాదులోనూ రోములోనూ ఒకే కాలంలో ఒకే పని! విజ్ఞానం విశ్వాసానికి శత్రువని ఎవరైనా మీ పిల్లలతో అంటే, ఈ నలుగురు సిస్టర్ల గురించి చెప్పండి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. లెమైత్ర్ గారు తన శాస్త్రాన్ని దేవుని ఉనికికి రుజువుగా వాడుకోలేదు. దేవుడు మన లెక్కల చివర దొరికే జవాబు కాదని ఆయనకు తెలుసు. సృష్టి గొప్పతనాన్ని చూచి సృష్టికర్తను తలచుకోమని సొలోమోను జ్ఞానగ్రంథం చెబుతుంది (13:1-5). సృష్టినే దేవుడనుకొని మొక్కవద్దని కూడా అదే చోట చెబుతుంది.

భయపడవద్దు

కృష్ణబిలం పేరు చెప్పి లోకాంతం వచ్చేసిందని భయపెట్టేవారు ఉన్నారు. అదే నరకమని ప్రసంగించేవారూ ఉన్నారు. రెండూ తప్పు. కృష్ణబిలం రాక్షసి కాదు, అన్నింటినీ లాగి మింగే నోరూ కాదు. మన సూర్యుడు ఇప్పటికిప్పుడు అదే బరువు గల కృష్ణబిలంగా మారాడనుకోండి. చలికి చస్తాం గాని భూమి అందులో పడిపోదు. ఇప్పటిలాగే దాని చుట్టూ తిరుగుతూ ఉంటుంది. నిజానికి సూర్యుడు అలా మారడు, అంత బరువు ఆయనకు లేదు. మనకు తెలిసినంతలో అతి దగ్గరి కృష్ణబిలం 1,500 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది.

అది కూడా దేవుని సృష్టే. ఆయన పెట్టిన నియమాలకు లోబడే ఉంది. దేవుడు పిలిస్తే నక్షత్రాలు పలికి సంతోషంగా ఆయన కోసం వెలిగాయని బారూకు ప్రవక్త చెప్పాడు (బారూకు 3:34). మండేటప్పుడే కాదు, ఆరిపోయేటప్పుడు కూడా అవి ఆయనకు విధేయతతోనే ఉంటాయి. నక్షత్రానికి పాపం లేదు. కూలిపోవడం దాని తప్పు కాదు. మనిషి సంగతి వేరు. మనకు స్వేచ్ఛ ఇచ్చాడు. అందుకే నక్షత్రం నుంచి మనం పాఠం నేర్చుకోవచ్చు గాని, ఆ తారలాగే మన గతి కూడా ముందే తేలిపోయిందని అనుకోకూడదు. ఆఖరి గడియలో దొంగ కూడా పశ్చాత్తాపపడి పరలోకం పొందాడు కదా (లూకా 23:43).

మూడు పాఠాలు

మొదటిది, లోపలి మంట. బయటి బరువును తట్టుకొనే శక్తి నక్షత్రానికి లోపలి నుంచే వస్తుంది. కుటుంబం కూడా అంతే. పిల్లల ఫీజులు, మందుల ఖర్చు, బంధువుల మాటలు, ఇవన్నీ బయటి నుంచి నొక్కే బరువులు. అవి ఏ ఇంటికీ తప్పవు. లోపల కుటుంబ ప్రార్థన, జపమాల, ఆదివారపు దివ్యబలి పూజ, భార్యాభర్తల మధ్య ఒక మంచి మాట ఉన్నంతకాలం ఇల్లు నిలుస్తుంది. మంట ఒక్క రోజులో ఆరదు. మొదట వారానికి ఒకసారి జపమాల మానేస్తాం, తరువాత నెలకొకసారి పూజ మానేస్తాం. ఆ తరువాత పతనం వేగం పెరుగుతుంది.

రెండవది, పెద్దరికపు బరువు. పెద్ద నక్షత్రం చిన్నదానికంటే త్వరగా తనను తాను కాల్చేసుకుంటుంది. మన ఊళ్ళలో కొన్ని పెళ్ళిళ్ళు చూడండి. నలుగురిలో గొప్ప కోసం పొలం తాకట్టు పెట్టి మూడు రోజుల పందిరి వేస్తారు. దాని వడ్డీ మాత్రం పదేళ్ళు కడతారు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. అదే టమాటాను మరికొన్నిసార్లు కోత కూలీ కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రోజులు మీకు తెలుసు. ఆ ఒక్క మంచి సీజను చూచి కొత్త అప్పులు నెత్తిన వేసుకున్నవారి కష్టం మనం ఎరుగుదుం. ధాన్యపు కొట్లు పడగొట్టి పెద్దవి కట్టుకున్న ధనవంతుని ఉపమానం ప్రభువు ఊరికే చెప్పలేదు (లూకా 12:16-21). పుంగనూరు ఆవును చూడండి. పొట్టిది, తక్కువ మేతతో బతుకుతుంది, ఇంటికి పాలు ఇస్తుంది. చిన్నగా ఉండడంలో కూడా ఒక దీవెన ఉంది. దేవుని స్వరూపియై ఉండి కూడా మన ప్రభువు తన్ను తాను తగ్గించుకున్నాడు (ఫిలిప్పీ 2:6-8).

మూడవది, పోతూ ఇచ్చినది. పేలిపోయే నక్షత్రం తన లోపల వండిన సరుకును ఆకాశంలో చల్లుతుంది. మనం పీల్చే ఆక్సిజన్‌లో చాలా భాగం, మన నెత్తురులోని ఇనుము అలా చనిపోయిన నక్షత్రాల నుంచి వచ్చినవే. కుప్పానికి దగ్గరలోనే కోలారు గనులు ఉన్నాయి. 2001లో మూతపడేదాకా మన చిత్తూరు ప్రాంతం వారు ఎందరో అక్కడ భూమి లోతుల్లో దిగి పనిచేశారు. వారు తవ్విన బంగారం ఎక్కడిది? 2017 ఆగస్టులో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొనడాన్ని శాస్త్రజ్ఞులు గమనించారు. అలాంటి చోట్లనే బంగారం వంటి బరువైన లోహాలు పుడతాయని దానివల్ల తెలిసింది. మీ మెడలోని తాళిబొట్టులో ఎప్పుడో చచ్చిన నక్షత్రాల బూడిద ఉంది! గోధుమ గింజ భూమిలో పడి చనిపోతేనే ఫలిస్తుందని ప్రభువు చెప్పిన మాట (యోహాను 12:24) ఆకాశంలో కూడా కనిపిస్తున్నది. మన తల్లిదండ్రులు తాము అరిగిపోయి మనల్ని పెంచలేదా?

మరి ఆ ప్రశ్నకు జవాబు?

వెలుగు బయటికి రాని చోట దేవుడు ఉన్నాడా? కీర్తనకారుడు జవాబు ముందే చెప్పాడు. ఆకాశానికెక్కినా, పాతాళంలో పడుకున్నా నీవు అక్కడ ఉన్నావు, చీకటి నీకు చీకటి కాదు అన్న అర్థంలో ఆయన ప్రార్థించాడు (కీర్తన 139:8-12).

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. కృష్ణబిలం నుంచి వెలుగు బయటికి రాలేదు. కాని వెలుగు లోపలికి పోగలదు! ఆ సరిహద్దు దగ్గర గోడ లేదు. తీవ్రమైన దుఃఖంలో ఉన్న మనిషి కూడా ఇలాగే ఉంటాడు. అప్పులవాళ్ళకు మొహం చూపించలేక తలుపు వేసుకున్నవాడు, కువైట్‌లో పనికి పోయిన భార్య నుంచి ఫోను రాక కుమిలిపోతున్నవాడు, బిడ్డను సమాధి చేసి వచ్చిన తల్లి, వీళ్ళు "నన్ను కాపాడండి" అని కేక వేయలేరు. లోపలి నుంచి ఏ మాటా బయటికి రాదు. వాళ్ళు పిలవలేదు కదా అని మనం ఇంట్లో కూర్చోకూడదు. మనమే లోపలికి వెళ్ళాలి.

ప్రభువు చేసింది అదే. ఆయన పాతాళమునకు దిగాడని జపమాల మొదట్లో చెప్పే విశ్వాస సంగ్రహంలో మనం ఒప్పుకుంటున్నాం. పవిత్ర శనివారం నాడు ఆయన మృతుల మధ్యకు, ఏ వెలుగూ తిరిగి రాని చోటికే వెళ్ళాడు. మూడవ దినాన ఆయన బయటికి వచ్చాడు. నక్షత్రాలకు లేని ఉత్థానం మనకు ఉంది. కృష్ణబిలం హద్దు దాటి ఏదీ రాదని శాస్త్రం చెప్పేది సత్యమే. సమాధి హద్దు దాటి ఒకడు వచ్చాడని శ్రీసభ చెప్పేదీ సత్యమే. మొదటిది లెక్క, రెండవది సాక్ష్యం.

కనబడని కృష్ణబిలాన్ని ఎలా కనుక్కుంటారని మీరు అడగవచ్చు. పక్కనున్న నక్షత్రాన్ని చూసి కనుక్కుంటారు. హంస రాశిలో సిగ్నస్ ఎక్స్-1 అనేది ఉంది. దాని బరువు సుమారు 21 సూర్యులంత. కృష్ణబిలంగా ముందుగా గుర్తింపు పొందినది అదే. దాని జంట నక్షత్రం ఏమీ కనబడని దాని చుట్టూ 5.6 రోజులకొకసారి తిరుగుతుంటే, అక్కడ ఏదో ఉందని 1970లలో తెలుసుకున్నారు. లోపల పడబోయే వాయువు వేడెక్కి ఎక్స్ కిరణాలు వెదజల్లుతుంది. వాటిని పరిశీలించడానికి మన శ్రీహరికోట నుంచి 2015లో ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న, అంటే దేవమాత మహోత్సవం నాడు, ఎక్స్‌పోశాట్ అనే ఉపగ్రహాలు ఎగిరాయి.

మనం కూడా అలాగే చూడడం నేర్చుకోవాలి. ఒక ఇంట్లో చీకటి ఉందని ఆ ఇంటివారు చెప్పరు. వారి పక్కవారి కదలికను బట్టే తెలుస్తుంది. బిడ్డ పది రోజులుగా బడికి రావడం లేదు. ఎప్పుడూ ముందు వరుసలో మోకరించే పెద్దమ్మ మూడు ఆదివారాలుగా కనబడటం లేదు. కలుపుగోలుగా ఉండే అన్న మార్కెట్లో తల దించుకొని పోతున్నాడు. ఇవే గుర్తులు.

ఈ వారం చేయవలసింది

ప్రతి కుటుంబమూ రాత్రి జపమాల తరువాత ఒక్క ప్రశ్న వేసుకోండి: మన వీధిలో ఎవరు కనబడకుండా పోయారు? ఆ పేరు తలచుకొని ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పండి. తెల్లవారాక వాళ్ళ గడప తొక్కండి. సలహాలు, ప్రసంగాలు వద్దు. ఒక గిన్నె అన్నం పట్టుకెళ్ళి కాసేపు కూర్చోండి. బతకాలని లేదన్న మాట వాళ్ళ నోట వస్తే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. విచారణ గురువులకు చెప్పండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళండి. ఈ వ్యాసం చదువుతున్న మీరే ఆ చీకట్లో ఉంటే, కేక వేయడానికి నోరు రాకపోయినా ఫరవాలేదు. తలుపు గడియ మాత్రం తీసి ఉంచండి. ప్రభువు లోపలికి వస్తాడు. చాలాసార్లు ఆయన పొరుగింటి అక్క రూపంలోనే వస్తాడు.

ప్రార్థిద్దాం: నక్షత్రాలను లెక్కించి పేరుపెట్టి పిలిచే తండ్రీ, మా ఇళ్ళలోని మంటను ఆరిపోనివ్వకండి. మా గొప్పల బరువు కింద మమ్ము నలిగిపోనివ్వకండి. చీకటిలో ఉన్న మా సోదరుల దగ్గరికి మమ్ము పంపండి. పాతాళానికి దిగి సజీవుడై లేచిన మీ కుమారుడు, మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా మనవి చేస్తున్నాము. ఆమెన్.